శ్రీ ఇసుక గారికి: చెప్పు గురించి, కన్ను గురించి

మహారాజరాజశ్రీ సముద్రతీరపు ఇసుక గారి దివ్యసముఖమునకు,

బొమ్మలు పోగేసుకునే నలభై రెండేళ్ళ మనిషి అనేక నమస్కారములు చేసి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

పద్ధతి ప్రకారం అలాగే రాయాలి. కానీ మీరు అక్కడెక్కడున్నారు? ఆదివారం సాయంత్రం మాతోపాటే కారెక్కి వచ్చేశారు. ఇవాళ బుధవారం. పక్క మీద మీరే, బాత్రూంలో మీరే, నిన్న ఆఫీసులో కీబోర్డు తిరగేసి దులిపితే అందులోనూ మీరే. కాబట్టి మీ యోగక్షేమాలు నాకు ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉన్నాయి. మీరు దివ్యంగా ఉన్నారు. మాకే బాగాలేదు.

ముఖ్యంగా మా చిన్నదానికి.

ఇది రాస్తున్న సమయానికి దాని తల నా ఎదురుగా బల్ల మీద రెండు చెక్కలై ఉంది. ముఖం ఒకవైపు, జుట్టున్న వెనకభాగం ఇంకోవైపు, మధ్యలో కళ్ళ యంత్రం. మీకు కొత్తేమీ కాదు లెండి, లోపలికెళ్ళి కాపురం పెట్టినవారు. బ్లైత్ బొమ్మ. పొడుగు 28 సెంటీమీటర్లు, అందులో పెత్తనమంతా తలకాయదే. 1972లో అమెరికాలో కెన్నర్ కంపెనీ ఈ బొమ్మల్ని తెచ్చి ఒక్క ఏడాదికే ఆపేసింది. 2001లో జపాన్‌లో మళ్ళీ పుట్టాయి, ఆ తర్వాత మాలాంటివాళ్ళ నెత్తికెక్కాయి. గొప్పతనమంతా కళ్ళలోనే. తల వెనక తాడు లాగితే రెప్పలు టక్కున మూసుకుని తెరుచుకుంటాయి, కళ్ళ రంగు మారుతుంది. నాలుగు లాగులకి నాలుగు రంగులు. రెండు సూటిగా చూసేవి, ఒకటి కుడికి ఓరగా, ఇంకోటి ఎడమకి ఓరగా.

ఆదివారం నుంచీ తాడు లాగితే టక్ లేదు, కిర్ర్ ఉంది. రెప్పలు సగం దిగి ఆగిపోయాయి. కింద సగంలో ఒక రంగు పోతూ ఇంకో రంగు వస్తూ మధ్యలో చిక్కుకుంది. మధ్యాహ్నం భోజనం చేసి ఫైలు ముందు కునికే గుమాస్తాలా చూస్తోంది మా పిల్ల.

సరే, మొదట్నుంచీ వస్తాను. మేం బొమ్మల్ని తీసుకుని సముద్రానికి రావడం మీకు విడ్డూరం కాదని తెలుసు. మా బాపతు జనం మీ దగ్గరికి తరచూ వస్తూనే ఉంటారు. ఆదివారం మాతో ఇద్దరొచ్చారు. చిన్నది చెప్పాను కదా. పెద్దది బాల్ జాయింటెడ్ డాల్, అంటే కీళ్ళ దగ్గర గుండ్లుండి మనిషిలా వంగే బొమ్మ. 60 సెంటీమీటర్లు, రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసింది. ఇద్దరికీ చెరో సంచి. వాళ్ళ కోసం తెల్ల దుప్పటి, గొడుగు, మెత్తటి మేకప్ బ్రష్, గాలి ఊదే రబ్బరు బుడ్డి, జుట్టు చిక్కుతీసే దువ్వెన, మారు బట్టలు, మారు విగ్గు. మా ఇద్దరి తువ్వాళ్ళు ఇంట్లో మర్చిపోయాం. ఆ సంగతి మా ఆవిడ తడిసిన తర్వాత తెలిసింది.

దుప్పటి పరిచేటప్పుడే మా ఆవిడ అంది, "ఏమండీ, ఇసుకవుతుందేమో." నేను ప్రపంచంలో అందరూ చెప్పే మాటే చెప్పాను: "ఎండితే దులిపేస్తే పోతుందిలే."

ఈ హామీ ఎవరిచ్చారో నాకు తెలియాలి. మీరే ఇచ్చి ఉంటారు, ఇంకెవరికి అవసరం? తడిగా ఉన్నప్పుడు నీరు మిమ్మల్ని పట్టి ఉంచుతుంది, ఆరాక రాలిపోతారు, ఇదీ లెక్క. కానీ మీరు మంచినీళ్ళలో తడిసినవారు కాదు. నీరు ఆరినా ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలో తేమ లాగుతుంది, మీరు మళ్ళీ అతుక్కుంటారు. ఆరడమనేది మీ జాతకంలోనే లేదు. పైగా బొమ్మల జుట్టు నైలాను, రుద్దితే కరెంటు పుట్టే సరుకు. ఇసుకేస్తే రాలనంత జనం అంటారు కదా, ఆ మాట మొదట అన్నవాడు జనాన్ని చూసి అని ఉండడు. బొమ్మ జుట్టు చూసి అని ఉంటాడు.

గాలి గురించి ఎక్కువ రాయను, దానికి వేరే ఉత్తరం రాస్తాను. పెద్దదాని విగ్గు ఎగరగొట్టి, నెత్తి మూత ఊడిన రెజిన్ గుల్లతో దాన్ని నలుగురి ముందూ నిలబెట్టింది. ఎండ కూడా తక్కువ తినలేదు. రెజిన్ ఎండలో ఎంతసేపుంటే అంత పసుపెక్కుతుంది కాబట్టి గొడుగు దానికి పట్టి నేను ఎండలో కూర్చున్నాను. నా మెడ ఇప్పుడు పెచ్చులూడుతోంది. దాని మెడ పాలరాయిలా ఉంది.

ఒకమ్మాయి, ఆరేడేళ్ళుంటాయి, వచ్చి ఎదురుగా నిలబడింది.

"అంకుల్, మీ పాప ఏది?"

"పాప లేదమ్మా. బొమ్మ నాదే."

చాలాసేపు ఆలోచించి, "అయితే మీ అమ్మ కొనిచ్చిందా?" అంది. మా ఆవిడ సముద్రం వైపు తిరిగి నవ్వుకుంది.

ఇక ఫొటోల దగ్గరికి వద్దాం. బొమ్మ కళ్ళ ఎత్తుకి ఫోను దించకపోతే అది బొమ్మలాగే వస్తుంది, మనిషిలా రాదు. అందుకని మీ మీద బోర్లా పడుకున్నాను. గంటన్నర. దగ్గర్నుంచి తీస్తే వెనకున్నదంతా మసకబారడం కెమెరా ధర్మం. మా ఆవిడ నీళ్ళలోంచి కేకేసింది, "ఎలా ఉంది సముద్రం?" "వెనకాల బ్లర్‌గా ఉంది," అన్నాను. నిజంగానే అన్నాను. అంతదూరం పోయి నేను చూసిన సముద్రం ఒక నీలం మరక. ఇంట్లో నీలం దుప్పటి కట్టినా అదే వచ్చేది, దానికి మీరు రారు.

ఆ మరక ముందు మీరు ఎలా వచ్చారో తెలుసా? గులకరాళ్ళలా. మా చిన్నది సుమారు 1:6 కొలత. అంటే ఒక మిల్లీమీటరు గింజ దాని లోకంలో ఆరు మిల్లీమీటర్ల రాయి. నా ముప్ఫై సెంటీమీటర్ల అల దానికి నిలువెత్తు కెరటం. మెత్తటి తీరం మీద పిల్ల కూర్చుంది అనుకుని ఫొటో తీస్తే, కంకర గుట్ట మీద కూలికొచ్చినట్టు ఉంది. ఇది మీ తప్పు కాదని ఒప్పుకుంటాను. 2 మిల్లీమీటర్ల నుంచి 0.0625 దాకా ఉన్న గింజలన్నిటినీ ఇసుకే అన్నారు శాస్త్రవేత్తలు, మీరు ఆ హద్దుల్లోనే ఉన్నారు. మీరు హద్దు దాటింది తర్వాత.

మూడున్నరకి చిన్నది పడింది.

తలబరువు బొమ్మ కదా, ఒక గాలి విసురుకి ముందుకు తూలి మొహం మీద పడింది. లేపాను. పెదవుల మీద మీరు, నుదుటి మీద మీరు, రెప్పల అంచున వరసగా మీరు. ముఖానికి రంగులద్ది పైన మాట్ కోటింగ్ వేసి ఉంటుంది, తుడిస్తే గీతలు పడతాయి, ఊదాలి. ఊదాను. అంతవరకూ ఏ మేష్టారూ వంక పెట్టలేనంత సక్రమంగా చేశాను.

తర్వాత తాడు లాగాను.

లాగకూడదు. నాకు తెలుసు. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే నేనే చెబుతాను, పడితే తాడు ముట్టుకోకండి, ముందు తల కిందికి వంచి ఊదండి అని. కానీ దాని కళ్ళు బాగానే ఉన్నాయో లేదో చూడాలనిపించింది. పడ్డ పిల్లని లేపి "ఏదీ, చెయ్యి కదుపు" అంటామే, అలా. ఆ ఒక్క లాగుతో రెప్ప అంచున కూర్చున్న మీరు, దర్జాగా, లిఫ్టెక్కినట్టు, లోపలికి వెళ్ళిపోయారు.

ఇక్కడ నేను గౌరవవాచకం వాడలేకపోతున్నాను. ఏమనుకుని వెళ్ళావు లోపలికి? ఏముంది నీకక్కడ? అంత సముద్రం ఉంది, అంత తీరం ఉంది, కనుచూపుమేర పరుచుకోవడానికి నీకు అడ్డేముంది? కాలి బొటనవేలంత కూడా లేని ప్లాస్టిక్ గదిలో ఇరుక్కుని ఒక పిల్ల చూపు ఆపితే నీకొచ్చిందేమిటి? మూడు రాత్రులు. మొదటి రాత్రి ఊదాను. రెండో రాత్రి రెప్పలు ఆడించాను, నువ్వు ఇంకా లోతుకు పోయావు. నువ్వు క్వార్ట్జువి. మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త 1812లో పెట్టిన కాఠిన్యం కొలతలో 7. చాకు మీద గీత పెట్టగలవు, ఇక కంటి బిళ్ళ ఏపాటి! ఆడించిన ప్రతిసారీ దాని మీద ఒక గీత. సరిగ్గా సూటిచూపు రంగు మీద. దీపం ముందు పెట్టి చూస్తే, వానాకాలం కారద్దం మీద అరిగిన వైపర్ లాగినట్టు, అర్ధచంద్రాకారంలో సన్నటి గీతలు ఏడు. లెక్కపెట్టాను. ఏడు.

కంట్లో నలుసు ఎంతుంటుందని అడుగుతారు జనం. చెబుతాను. అర మిల్లీమీటరు. దాని కొలతలో మూడు మిల్లీమీటర్ల రాయి.

క్షమించాలి. మళ్ళీ మర్యాదలోకి వస్తున్నాను.

మీ వంశవృక్షం కూడా తిరగేశాను, సంబంధం కలుపుకునేముందు చూసినట్టు. ఎక్కువమంది కొండలు అరగ్గా వచ్చినవారట. గొప్ప ఇల్లే. కొందరు గవ్వలూ ఆల్చిప్పలూ పగిలి వచ్చినవారు, వాళ్ళూ మంచివాళ్ళే. ఇంకో శాఖ ఉంది, కొన్ని ఉష్ణ సముద్రాల తీరాల్లో తెల్లగా మెరిసిపోతూ ఫొటోలకు పోజులిచ్చే శాఖ. పగడాల్ని కొరుక్కు తినే ప్యారట్‌ఫిష్ అనే చేప నమిలి, అరిగించుకుని, వెనకనుంచి వదిలిన పొడిలోంచి పుట్టినవారు. మీరు ఏ శాఖో నేను అడగను. ఇంటికొచ్చిన చుట్టాన్ని అలాంటివి అడగకూడదు.

చుట్టం అంటే గుర్తొచ్చింది. పెద్దదాని సంగతి. దాని కాళ్ళూ చేతులూ గుల్లలు, లోపల తల నుంచి పాదం దాకా ఎలాస్టిక్ తాడు బిగించి ఉంటుంది. మోకాలు వంచితే ఇప్పుడు కరకరమంటోంది, మా నాన్నగారి మోకాలి కంటే పెద్ద చప్పుడు. మొత్తం విప్పి కడిగి మళ్ళీ తాడెయ్యాలి, ఒక ఆదివారం పోయినట్టే. అది నేను పట్టించుకోను. కానీ దాని తల విప్పినప్పుడు, పుట్టీతో అతికించిన కళ్ళు అరచేతిలోకి వచ్చాయి. బూడిద రంగు గాజు కళ్ళు. గాజంటే ఎవరు? మీరే కదా. సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే సిలికా, దానికి సోడా అదీ కలిపి ఇంకాస్త తక్కువ వేడికే లొంగదీస్తారు. అంటే మీ చుట్టమొకడు నాలుగేళ్ళుగా మా షోకేసులో కూర్చుని, ఎవరినీ గీకకుండా, ఎక్కడా ఇరుక్కోకుండా, వచ్చినవాళ్ళందర్నీ ఎంతో నిదానంగా చూస్తున్నాడు. రాత్రి లైటు తీసేశాక కూడా కిటికీ వెలుగు వాడిలో కాసేపు నిలుస్తుంది. వాడి ముందు నాకు మీ మీద కోపం చాలాసేపు నిలవదు, అదే తంటా. కొలిమిలో పడితే మీరింత బాగుంటారన్నమాట.

విషయానికొస్తాను. నిన్న రాత్రి రెండున్నరకి మీరు దొరికారు. స్క్రూలు విప్పి, కళ్ళ యంత్రం బయటికి లాగి, టార్చి పెట్టి చూస్తే, ఇరుసు పక్కన తేనెరంగులో ఒక గింజ. ఇంత రచ్చకి ఇంతేనా అనిపించింది. తడి దూదిపుల్లతో తీసి మందు సీసా మూతలో పెట్టాను. పైన ఇంకో మూత, దానికి టేపు. మా ఆవిడ నిద్రలేచి వచ్చి చూసి, "పారేయొచ్చుగా" అంది. పారేయను. ఎందుకంటే మీ దగ్గర మాది ఒకటి ఉంది.

చిన్నదాని ఎడమ చెప్పు. ఎప్పుడు పోయిందో తెలియదు, పడ్డప్పుడే జారి ఉంటుంది. రెండు సెంటీమీటర్ల పొడుగు, ఎర్ర తోలు, పక్కన గుండీ. మా ఆవిడే కుట్టింది. బొమ్మలంటే నవ్వుతుంది గానీ, ఆ గుండీ కోసం తన పాత జాకెట్టు గుండీలన్నీ వెతికి, ఏదీ సరిపోక, చివరికి పూస కుట్టింది. చీకటి పడేదాకా ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని వెతికాం. గుప్పెడు గుప్పెడు తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలాం. ఇసుకలోంచి నూనె పిండొచ్చేమో గానీ చెప్పు పిండలేం. ఆ పాప కూడా వచ్చి వెతికింది, బకెట్టు తెచ్చుకుని మరీ. వాళ్ళమ్మ పిలిచేదాకా వెళ్ళలేదు.

అంచేత నా ప్రతిపాదన ఇది. మీ గింజ నా దగ్గరుంది, మా చెప్పు మీ దగ్గరుంది. ఇసుక తక్కెడ, పేడ తక్కెడ అనుకోకుండా నిజాయితీగా మార్చుకుందాం. గింజకి ఏ హానీ జరగలేదు. కంటి బిళ్ళ మీద గీతల గురించి నష్టపరిహారం అడగను, మెత్తటి పాలిష్ పెట్టి నేనే రుద్దుకుంటాను, మూడు పోయినా చాలు. మంచం మీద, కీబోర్డులో, కారులో ఉన్న మిగతా మీ వాళ్ళ సంగతి ఈ ఒప్పందంలోకి రాదు, వాళ్ళు వచ్చినట్టే పోతారని ఆశ.

వచ్చే ఆదివారం అక్కడికే వస్తాం. పెద్దది రాదు. చిన్నది వస్తుంది, కళ్ళకి ఈత అద్దాలు పెట్టుకుని. అవి కుట్టడం నిన్ననే మొదలైంది, నేను అడగలేదు.

మళ్ళీ చెబుతున్నాను, పొరపాటు పడకండి. ఎడమకాలిది. ఎర్రది. పూస నీలం.

ఇట్లు,
కుడి చెప్పు దగ్గర పెట్టుకున్నవాడు