అయిదు కేసులకు ఒక్క మగాడు

కర్నూలులో సాహిత్యం అడుగంటిపోతోందని దిగులుపడేవారు ఒకసారి దోపిడీ కేసుల్లో నేరాంగీకార వాంగ్మూలాలు చదవాలి. సంతకం రాక వేలిముద్ర వేసే మనిషి స్టేషన్ గడప దాటగానే, "జల్సాలకు అలవాటుపడి, సులువుగా డబ్బు సంపాదించాలనే దురుద్దేశంతో, సదరు హైవేపై మాటు వేసి" అని ఏకబిగిన చెప్పేస్తాడు. వెల్దుర్తివాడైనా ఆదోనివాడైనా అదే శైలి. సీమ యాస మచ్చుకైనా తగలదు. నాలుగు తగిలితే గ్రాంథికం దానంతటదే వస్తుందేమో, పండితులు తేల్చాలి.

పాపం, చట్టానికి సాహిత్యాభిరుచి తక్కువ. పోలీసుల ముందు ఒప్పుకుంటే చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం నుంచీ ఒకటే పాట. 2024 జూలై 1న పేరు మార్చుకుని భారతీయ సాక్ష్య అధినియం అయ్యాక కూడా ఆ మొండితనం పోలేదు. ఒక్క సందు మాత్రం వదిలింది: ముద్దాయి చెప్పినదాన్నిబట్టి సొత్తు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన ముక్క వరకు పనికొస్తుంది. "దాంతోనే పొడిచాను" లాంటి ముక్క పనికిరాదని 1946లోనే పులుకూరి కోటయ్య కేసులో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు ఆఖరి అప్పీలు కోర్టు, చెప్పింది. అందుకే మన దగ్గర దోచిన ఫోను ఎప్పుడూ ముళ్లకంపలోనే దొరుకుతుంది, మధ్యవర్తులూ ఆ సమయానికి అక్కడే ఉంటారు. పంచనామా రాయడానికి పెన్నుతో సహా.

ఇక అభియోగాల సంగతి. ఏడాదిలోపు జరిగిన ఒకే రకం నేరాలు మూడింటి వరకు కలిపి విచారించవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. దాని స్థానంలో వచ్చిన కొత్తది అయిదు అంది. దేశం ముందుకు పోవడమంటే ఇదే! డోన్ దగ్గర లారీ డ్రైవర్ పర్సు, పంచలింగాల దగ్గర గొలుసు, ఇంకో మూడు దుమ్ముపట్టిన ఫైళ్లు. విడివిడిగా చూస్తే ఏ కేసుకూ నడుం నిలవదు. అన్నీ ఒకడి మెడలో వేస్తే మాత్రం వాడు గజదొంగలా కనబడతాడు. అందులో ఒక దోపిడీనాటి రాత్రి మనవాడు కడప జైల్లో రిమాండులో ఉన్నాడనుకోండి, అంత చిన్న విషయానికి కేసు పాడుచేసుకుంటామా?

శిక్ష పదేళ్లు. అరవై రోజుల్లో అప్పీలు వేయాలి. కోస్తా, సీమ నేతలు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచీ సీమ హైకోర్టు కోసం ఎదురుచూస్తూనే ఉంది కాబట్టి, మనవాడి భార్య అమరావతి బస్సెక్కుతుంది. అక్కడ ఇంకో పేచీ. అభియోగాలు తప్పుగా కలిపినంత మాత్రాన శిక్ష పోదట, న్యాయానికి భంగం కలిగిందని చూపించాలట. అభ్యంతరముంటే కింది కోర్టులోనే ఎందుకు అనలేదని కూడా అడుగుతారు.

అప్పీలు నంబరు పడింది. ఈలోగా స్టేషన్‌లో ఆరో ఫైలు మిగిలిపోయింది. పరిమితి అయిదే కదా, దానికి ఇంకొకణ్ణి వెతుకుతున్నారు.