సవరణ: ఫోన్ ఇంటర్వ్యూల్లో ఆడియో జారడం గురించి

కరోనా కాలంలో బతుకు ఎలా సాగిందో గుంటూరు, విజయవాడ పాత్రికేయులతో, బుర్రకథ కళాకారులతో ఫోన్లో మాట్లాడి, ఎవరి గొంతు వారు తమ దగ్గరున్న మరో ఫోన్లో రికార్డు చేసుకోవడంపై రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. మొదట్లో అతిథి చేతులు ఒక్కసారి చరిస్తే రెండు ఫైళ్లూ చివరిదాకా కలిసి నడుస్తాయన్నాం. నడవవు.

ఆ చప్పుడు మొదలును మాత్రమే కలుపుతుంది. ఏ రెండు ఫోన్ల లోపలి గడియారాలూ ఒకే వేగంతో తిరగవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను జారుతుంది. బుర్రకథ పాటకు వంత కలిపే చోట అది చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

ముగింపులోనూ చేతులు చరిపించాలి. ఆ రెండు సార్లూ మనం మాట్లాడే ఫోన్ స్పీకర్‌లో ఉండాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మన ఫైల్లో చప్పుడే పడదు. తర్వాత మన ఫైల్లో రెండు చప్పుళ్ల మధ్య నిడివి కొలిచి, అతిథి ఫైలును దానికి సరిపోయేలా సాగదీయండి లేదా కుదించండి.