పింగు మర్యాదలు

బెంగళూరులో ఇప్పుడు ఎవరూ ఎవరినీ పిలవడం లేదు, కబురు పెట్టడం లేదు. పింగ్ చేస్తున్నారు. మారతహళ్లిలో పీజీ ఓనరు అద్దె కోసం పింగ్ చేస్తాడు. అనంతపురంలోని పెళ్లిళ్ల పేరయ్య సైతం "అమ్మాయి నంబరు పంపాను, వీలు చూసుకుని ఓ పింగ్ కొట్టు నాయనా" అంటున్నాడు. ఇంత వాడకమున్న మాటకు ఒక ధర్మశాస్త్రం లేకపోవడం శోచనీయం.

మూలానికి వెళ్దాం. జలాంతర్గాముల్లో ఉండే సోనార్ అనే పరికరం నీళ్లలోకి ఒక శబ్దం వదిలి, అది దేనికైనా తగిలి తిరిగొస్తుందేమోనని వింటుంది. ఆ చప్పుడే పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్, నెట్‌వర్క్ ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకోవడానికి చిన్న ప్రోగ్రాం రాసి, దానికి ఆ చప్పుడు పేరే పెట్టాడు. అవతలి కంప్యూటర్‌కు ఒక ప్యాకెట్, అంటే చిటికెడు డేటా, పంపుతాం. బతికుంటే బదులిస్తుంది. అంతే. ఎక్సెల్ షీట్ ఎక్కడిదాకా వచ్చిందని అడగదు.

ఆఫీసు పింగ్ అలా కాదు. శుక్రవారం సాయంత్రం, బ్యాగ్ సర్దుకున్నాక "హాయ్" అని వస్తుంది. ఆ తర్వాత మూడు చుక్కలు ఆడతాయి. ఆగుతాయి. మళ్లీ ఆడతాయి. ఈలోగా మనకు బీపీ. చివరికి తేలేది "ఫ్రీనా?" అని. అవునంటే పని, కాదంటే అప్రైజల్.

విండోస్‌లో పింగ్ మామూలుగా నాలుగుసార్లు కొట్టి ఊరుకుంటుంది. లినక్స్‌లో మనం కంట్రోల్-సి నొక్కేదాకా కొడుతూనే ఉంటుంది. మేనేజర్లలోనూ ఈ రెండు జాతులే. (రెండో జాతికి కంట్రోల్-సి ఎక్కడుంటుందో హెచ్‌ఆర్ వాళ్లు ఇప్పటికీ చెప్పలేదు.)

బదులు రాలేదని మనిషి లేడనుకోకూడదు. చాలా సర్వర్లు భద్రత కోసం పింగ్‌కు పలకవు, తమ పని తాము చేసుకుపోతాయి. మన సీనియర్లు ఈ విద్యలో మొదటి సగం బాగా నేర్చారు. జలాంతర్గామి కూడా పింగ్ చేస్తే తన చోటు శత్రువుకు తెలిసిపోతుందని ఎక్కువగా గప్‌చుప్‌గా వింటూ ఉంటుంది. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో మన కుర్రాళ్లు మ్యూట్‌లో ఉండేది బద్ధకంతో కాదు, వ్యూహంతో.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. పింగ్ నడిచేది ఐసీఎంపీ అనే నెట్‌వర్క్ నియమావళి మీద. 1981 నాటి ఆ నిబంధన ప్రకారం, ఎకో, అంటే ప్రతిధ్వని, అడిగినవారికి వచ్చిన డేటాను వచ్చినట్టే తిప్పి పంపాలి. మనుషులకూ అదే అమలు చేద్దాం. హాయ్‌కి హాయ్. "ఫ్రీనా?"కి "ఫ్రీనా?". "అప్‌డేట్ ఏంటి?"కి "అప్‌డేట్ ఏంటి?".

మా ఫ్లోర్‌లో ఓ సీమ కుర్రాడు దీన్ని నిష్ఠగా ఆచరించాడు. కాసేపటికి టీమ్ లీడ్ మూడు కుర్చీలు దాటి స్వయంగా నడిచొచ్చాడు.

"ఏమబ్బా, ఎగతాళిగా ఉందా?"

"లేదన్నా. బతికే ఉండానని చెప్తాండా."