'పని అవసరాన్ని బట్టి' గారికి ఒక పీజీ డాక్టరు ఉత్తరం

అయ్యా, నమస్కారం.

జనరల్ మెడిసిన్ పీజీలో చేరేదాకా మీరెవరో నాకు తెలియదు. రూల్సులో 'సెలవు' అన్న మాట కనబడితే చాలు, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి పక్కన కూర్చునేది మీరేనని తర్వాత అర్థమైంది.

1992లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రెసిడెంట్ డాక్టర్లకి, అంటే మాలాంటి పీజీలకి, ఏకబిగిన డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదట, వారానికి 48 గంటలట, వారానికో సెలవు కూడానట, కాకపోతే 'పని అవసరాన్ని బట్టి'. 2023లో వైద్య విద్యని చూసే నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త పీజీ నిబంధనలు తెచ్చింది. వాటిలో 12, 48 అన్న అంకెలు లేవు, 'సహేతుకమైన పనివేళలు' అని ఉంది, మీరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మరుసటి ఏడాది అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేస్తే, మెస్‌లో ఆ వార్త చదివి 'అమ్మో, మిగతా టైమంతా ఏం చేసుకోవాలే' అని పడీపడీ నవ్వుకున్నాం.

మా యూనిట్ అడ్మిషన్ డే నాడు, అంటే కొత్త పేషెంట్లని మేం చేర్చుకునే రోజు, పొద్దున 8కి డ్యూటీ ఎక్కితే, రాత్రంతా క్యాజువాలిటీ, మర్నాడు రౌండ్స్, డిశ్చార్జ్ సమ్మరీలు, అన్నీ అయ్యి దిగేసరికి సాయంత్రం. మొన్న అలాగే తెల్లవారుజామున 4 గంటలకి కేస్ షీట్ రాస్తున్నా. బీపీ దాకా రాశాను, తర్వాత పెన్ను మెలికలు తిరుగుతూ కాగితం అంచు దాకా జారింది. సిస్టర్ భుజం తట్టి 'మేడమ్, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో రాయలేదు' అంది. చెప్పాను. ఆవిడ కదల్లేదు. 'మళ్లీ ఒకసారి చూడండి మేడమ్.' చూస్తే నేను చెప్పింది పక్క బెడ్ ఆయన డోసు. ఆవిడా రాత్రంతా వార్డు మొత్తానికి ఒక్కతే లెండి, ఆ క్షణానికి మెలకువగా ఉండటం మా ఇద్దరి అదృష్టం, ఆ పేషెంటుది ఇంకా పెద్ద అదృష్టం.

బస్సు డ్రైవరుకి మామూలుగా రోజుకి 8 గంటలే అని 1961 నుంచీ చట్టం ఉంది. ఆయన కునుకు తీస్తే బస్సు బోల్తా పడుతుందని అందరికీ తెలుసు. నేను కునుకు తీస్తే చప్పుడు రాదు, అదే తేడా.

మీరు అబద్ధమని నేననడం లేదు. వార్డు నిండిపోయి కింద చాపలమీద కూడా పేషెంట్లుంటే అవసరం లేదని ఎలా అంటాను? కానీ ఎప్పుడో వస్తే అవసరం, రోజూ వస్తే అది మనుషులు చాలకపోవడం. మీరొచ్చినప్పుడల్లా మా నిద్రే కనబడుతుంది గానీ ఖాళీ పోస్టులు ఎందుకు కనబడవో!

అన్నట్టు, మా అక్క పెళ్లికి నేను పెట్టిన లీవ్ లెటర్ మీద కూడా మీరే వచ్చారు. జీలకర్రబెల్లం దాకా డ్యూటీ రూములో వీడియో కాల్‌లో చూశాను, తలంబ్రాలకి వార్డు నుంచి పిలుపు. మొన్న ఆల్బమ్ వచ్చింది. నేను లేని ప్రతి ఫోటో కిందా మీ పేరు రాయమని అక్కకి చెప్పాను.

ఇట్లు,
పోస్ట్ డ్యూటీలో ఉన్న ఒక పీజీ