సీసా వెనక కవిగారికి

టేస్టింగ్ నోట్ గారికి,

నమస్కారాలు. వైన్ రుచీ వాసనా ఎలా ఉంటాయో వర్ణించే తమరు సీసా వెనక లేబుల్ మీద, దుకాణంలో అరల అంచున, రెస్టారెంట్ వైన్ జాబితాలో ప్రతి పేరు కిందా చిన్నక్షరాల్లో కాపురం ఉంటారు. ఏదో ఒక చోట ఈ ఉత్తరం అందకపోదన్న ధీమాతో రాస్తున్నాను.

ముందుగా తమ కవితాశక్తికి ఒక దండం. ద్రాక్షరసం పులిస్తే తయారైన పానీయంలో తమకి ద్రాక్ష తప్ప అన్నీ దొరుకుతాయి. నల్ల చెర్రీ, దేవదారు చెక్క, పొగాకు, గుర్రపు జీను, తడిసిన రాతిబండ, అడవిలో రాలిన ఆకులు. ఒకచోట పెన్సిల్ చెక్కిన పొట్టు కూడా ఉందన్నారు. అతిశయోక్తి కూడా ఒక అలంకారమేనని వ్యాకరణంలో చదువుకున్నవాళ్ళమే, అభ్యంతరం లేదు. కాని ఉపమానం అన్నాక ఉపమేయం కూడా ఒకటి ఉండాలి కదా! తమ దగ్గర ఉపమానాలు దండిగా ఉన్నాయి. ఉపమేయం మాత్రం సీసాలోనే ఉండిపోయింది.

కొత్తగా వైన్ రుచి చూద్దామనుకునే మనిషికి కావలసిన సమాచారం చాలా కొంచెం. తియ్యగా ఉంటుందా, తీపి లేకుండా డ్రైగా ఉంటుందా? పులుపు ఎంత? నాలుకని పట్టేసే వగరు ఉందా? నోట్లో నీళ్ళలా పల్చగా జారుతుందా, చిక్కగా నిలబడుతుందా? ఇవి తెలిస్తే తనకి నచ్చే వైన్‌ని సగం పట్టుకున్నట్టే. తమరు వీటి ఊసెత్తరు. ఇంటి నంబరు అడిగితే ఆ వీధిలో వెన్నెల ఎంత బాగుంటుందో చెప్పే మనిషితో వేగడం ఎలాగో తమతో వేగడమూ అలాగే ఉంది. చివర్న ‘సొగసైన సుదీర్ఘ ముగింపు’ అని ఒక ముక్క మాత్రం తప్పకుండా ఉంటుంది, మింగాక నోట్లో నిలిచే రుచికి తమరు పెట్టిన పేరది. ఇంతవరకూ పొట్టి ముగింపు ఉన్న వైన్‌ని తమరు ఎక్కడా చూసినట్టు లేదు.

తమని పూర్తిగా అబద్ధాలకోరు అనను. అంటే పాపం తగులుతుంది. కొన్ని వాసనల వెనక నిజంగా రసాయనాలున్నాయి. కాబెర్నే సావిన్యోన్ ద్రాక్ష వైన్‌లో పచ్చి క్యాప్సికమ్ వాసన పైరజీన్ల వల్ల వస్తుంది. పాతబడిన రీస్లింగ్ ద్రాక్ష వైన్‌లో పెట్రోలు వాసన టీడీఎన్ అనే పదార్థానిది. షార్డనే ద్రాక్ష వైన్‌లో వెన్న వాసనకి కారణం డయాసిటైల్. సిరా ద్రాక్షలో మిరియాల ఘాటు ఎక్కడిదో ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. అది రోటండోన్, మిరియాల్లో ఉండేదీ అదే. ఇక్కడిదాకా తమది సత్యవాక్కే.

అయితే ఆ పరిశోధకులే ఇంకో సంగతి కూడా చెప్పారు. మనుషుల్లో దాదాపు ఐదోవంతు మందికి రోటండోన్ వాసన అసలు తెలియదట. అది ముక్కు తీరు, ఎవరూ చేయగలిగింది లేదు. ఈ ముక్క తమరు లేబుల్ మీద ఎందుకు వేయరు? ‘మిరియాల గుబాళింపు’ అని రాసి ఊరుకుంటారు. అది తెలియని వాడు గ్లాసులో ముక్కు పెట్టి పీల్చి పీల్చి, పక్కవాళ్ళందరూ తలలు ఊపుతుంటే టెన్షన్ పడి, తనూ ఊపుతాడు. తమ వల్ల లోకంలో జరుగుతున్న అబద్ధాల్లో సగం ఈ తలలూపడమే.

రాతి రుచి గురించి మాట్లాడుకోకపోవడం మర్యాద. తోటలో సున్నపురాయి ఉంటే గ్లాసులోనూ అదే తగులుతుందని తమరు ఎంత గట్టిగా చెప్పినా, నేలలోని రాయి వేళ్ళగుండా రుచిగా ఎక్కి వస్తుందంటే భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్ళు ఒప్పుకోవడం లేదు. రాయికి సొంత వాసనే లేదంటున్నారు.

ఇక ఫ్రాన్స్‌లోని బోర్దో సంగతి. తమకి గుర్తు చేయడం ఇబ్బందే గాని తప్పదు. 2001లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అక్కడ వైన్ తయారీ చదువుతున్న 54 మంది విద్యార్థులకి ఒక వైట్ వైన్, ఒక రెడ్ వైన్ ఇచ్చి వాసనలు రాయమన్నారు. వైట్‌కి తేనె, నిమ్మజాతి పళ్ళు, పూలు అన్న తరహాలో, రెడ్‌కి ఎర్ర పళ్ళు, మసాలాల తరహాలో రాశారు. తర్వాత ఇంకోరోజు మళ్ళీ రెండు గ్లాసులు పెట్టారు. ఈసారి రెండింట్లోనూ అదే వైట్ వైన్, ఒకదాంట్లో మాత్రం వాసన లేని ఎర్రరంగు కలిపారు. ఎర్రగా కనబడిన గ్లాసుకి విద్యార్థులు రెడ్ వైన్ మాటలే వాడారు. పిల్లల్ని తప్పుపట్టను. కంటికి కనబడింది ముక్కు నమ్మడం మనిషి స్వభావం. కాని తమ పదకోశం అంతా ఒక రంగు డబ్బాతో తారుమారైపోయిందంటే తమరు ఇన్నేళ్ళుగా వర్ణిస్తున్నది వైన్‌నా, దాని చీరనా?

తమ అన్నగారు మార్కులు గారికి కూడా ఇదే ఉత్తరంలో నమస్కారం పెట్టేస్తాను, వేరే తపాలా ఖర్చు ఎందుకు. అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ 1978లో మొదలుపెట్టిన పత్రికతో వందకి ఇన్ని మార్కులనే పద్ధతి వైన్ లోకమంతా పాకింది. ఆ కొలబద్ద మొదలయ్యేదే 50 దగ్గర. పరీక్షకి రాకపోయినా 50 ఖాయమన్నమాట, ఇంత దయగల మాస్టారు మాకెవరికీ దొరకలేదు. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే రిటైర్డ్ స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్‌కి సొంతంగా చిన్న వైనరీ ఉండేది. ఆ రాష్ట్ర మేళాలో జరిగే వైన్ పోటీలో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ని, తెలియనివ్వకుండా, మూడుసార్లు ఇప్పించి చూశాడు. మూడుసార్లూ దాదాపు ఒకే మార్కు వేసినవాళ్ళు పదిమందిలో ఒక్కరే. 2008లో ఈ లెక్క అచ్చయింది. మార్కులు గారు మాత్రం చొక్కా నలగకుండా ఉద్యోగంలో కొనసాగుతున్నారు.

మరి తమని వదిలేస్తే నచ్చే వైన్ ఎలా దొరుకుతుందని అడుగుతారు. దొరుకుతుంది. లేబుల్ మీద తమ కవిత్వానికి కొంచెం దూరంగా, ఎవరూ చదవని మూల, ఆల్కహాల్ శాతం అని ఒక అంకె ఉంటుంది చూడండి. జర్మనీలో మోసెల్ లోయ రీస్లింగ్ సీసా మీద 8 శాతం అని ఉంటే, చక్కెరంతా ఆల్కహాల్‌గా మారకముందే పులియడం ఆగిందని, అంటే తీపి మిగిలే ఉంటుందని చాలావరకూ ధైర్యంగా అనుకోవచ్చు. అదే ద్రాక్ష, 12 శాతం, పైన ‘ట్రాకెన్’ అని ఉంటే డ్రై. ఒక అంకె చెప్పగలిగిన సంగతి తమరు నలభై మాటల్లో చెప్పలేకపోయారు.

ఇంకో దారి, రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకోవడం. ఒకే షార్డనే ద్రాక్ష, ఒకటి ఫ్రాన్స్‌లో చలిప్రాంతమైన షబ్లీది, ఇంకొకటి ఎండ బాగా కాసే చోటుదై కొత్త ఓక్ పీపాలో పెరిగింది. మొదటిది దవడలు జివ్వుమనేలా పుల్లగా, రెండోది నిండుగా, వెన్నపూసలా ఉంటుంది. ఏది నచ్చిందో తెలుసుకోవడానికి ఏ పదకోశమూ అక్కర్లేదు, ఏ గ్లాసు ముందు ఖాళీ అయిందో చూసుకుంటే చాలు. వగరు పడనివాళ్ళు ఫ్రాన్స్‌లోనే బోజొలే ప్రాంతపు గమే ద్రాక్ష వైన్ కాస్త చల్లబరిచి తాగి చూడొచ్చు. రెడ్ వైన్ అంటేనే భయపడే చాలామందికి అక్కడ భయం పోతుంది. ధర గురించి ఒక్కమాటే. 2008లో అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థ పరిశోధకులు ఒకే వైన్‌ని 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని ఒకసారి చెప్పి తాగిస్తే, 90 అన్నప్పుడే ఎక్కువ నచ్చిందన్నారు తాగినవాళ్ళు. మెదడు స్కానింగులో కూడా ఆనందం ఎక్కువే కనబడింది. కాబట్టి స్నేహితులకి పోసేటప్పుడు ధర పెంచి చెప్పడం ఒక రకమైన ఆతిథ్యమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ చలికాలం వైన్ తోటలున్న చోటికి ప్రయాణం పెట్టుకుంటున్నాను. ఆకుల్లేని మోడు తీగలు చూడ్డానికి అంత దూరమా అని మావాళ్ళు నవ్వుతున్నారు. వేసవిలో, కోతల కాలంలో వెళ్తే టేస్టింగ్ రూముల్లో తమ పాఠమే అప్పజెబుతుంటారు. వెనక వరుసలో జనం, ముందు వరుసలో ఫోటోలు, మధ్యలో తమరు. జనవరిలో ఆ రద్దీ ఉండదు. కాలిఫోర్నియాలోని నాపాలో తీగల వరసల మధ్య ఆవపూలు పచ్చగా పూసే కాలమది. ఫ్రాన్స్‌లోని బర్గండీలో జనవరి 22 సెయింట్ విన్సెంట్ రోజు, ద్రాక్ష సాగుచేసేవాళ్ళ పండగ. 1938 నుంచీ ఏటేటా ఊరు మార్చుకుంటూ, ఆ నెలాఖరు శని ఆదివారాల్లో పెద్ద ఊరేగింపు చేస్తారు. కెనడాలో నయాగరా వైపు అయితే చలి −8 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగేదాకా కాచుకుని, తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షని కోసి ఐస్‌వైన్ చేస్తారు. చేతులు కొంకర్లు పోతుండగా కోసిన ఆ ద్రాక్ష గురించి తమరు ‘ఉష్ణమండల ఫలాల విందు’ అని రాస్తారు. రాయండి. నాసిక్‌లో మాత్రం లెక్క తలకిందులు. అక్కడ ఎండాకాలం రాకముందే, శీతకాలంలోనే కోతలు మొదలవుతాయి.

నాకు వీటన్నిటికంటే తోటలో జరిగే కత్తిరింపు చూడాలనుంది. నిరుడు కాసిన తీగలన్నీ కోసేసి, ఒక్క కొమ్మని మాత్రం ఎంచి ఇనప తీగెకి వంచి కడతారు, పక్కన చిగురించే కళ్ళు రెండున్న చిన్న ముక్కని పై ఏడాదికి వదులుతారు. ఏ కొమ్మ ఉంచాలో తేల్చడానికి అనుభవం ఉన్న మనిషికి క్షణాలు చాలు, ఆ క్షణాల్లోనే వచ్చే పంట నిర్ణయమైపోతుంది. బర్గండీలో కొందరు పాత ఇనప డ్రమ్ముతో చేసిన తోపుడుబండిలో ఆ కొమ్మల్ని అక్కడికక్కడే మండించుకుంటూ, చేతులు కాచుకుంటూ వరస వెంట నడుస్తారు. ఆ మనిషిని ‘ఈ ఏడాది వైన్ ఎలా ఉంది’ అని అడిగితే దేవదారు గురించి మాట్లాడడు. వాన ఎప్పుడు పడింది, మంచు ఎన్ని మొగ్గల్ని కాల్చింది అన్నది చెబుతాడు.

ఆ తర్వాత నేలమాళిగ. పీపా మూత తీసి, గాజు గొట్టం దించి, బొటనవేలితో పైన మూసి కొంచెం వైన్ తీసి గ్లాసులో పోస్తారు. నాలుగు నెలల కిందటి పంట. మబ్బుగా ఉంటుంది, ఒక్కోసారి గ్యాసు ఇంకా నాలుక మీద చురుక్కుమంటుంది. చల్లటి మాళిగల్లో ఆపిల్ పులుపుని మెత్తబరిచే బాక్టీరియా చలికి పడకేస్తుంది, వసంతంలో మాళిగ వెచ్చబడ్డాక గాని లేవదు, కాబట్టి పులుపు పళ్ళ సందుల్లోకి దిగుతుంది. చలికి వగరు ఇంకా గరుకుగా తగులుతుంది. గ్లాసుని రెండు అరచేతుల్లో పెట్టుకుని కాసేపు వెచ్చబరిస్తేగాని వాసన విచ్చుకోదు. ఆ వైన్‌కి ఇంకా సీసా లేదు, లేబుల్ లేదు, మార్కుల్లేవు. అంటే తమరింకా పుట్టలేదు. తమరు పుట్టకముందు వైన్ ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలన్నదే ఈ చలిలో నా ప్రయాణానికి కారణం.

ఏర్పాట్ల సంగతి తమకెందుకు గాని, కుళ్ళుకుంటారని చెబుతున్నాను. జనవరిలో చాలా చిన్న వైనరీలు తలుపులు వేసుకుంటాయి, కాబట్టి ముందుగా రాసి వేళ ఖాయం చేసుకోవాలి. పొద్దు తొందరగా కుంకుతుంది, రోజుకి రెండు మూడు చోట్లకంటే పెట్టుకోకూడదు. బండి నడిపే మనిషి తాగకూడదు, మిగతావాళ్ళు రుచి చూసిన వైన్ ఉమ్మే బకెట్టుని చూసి సిగ్గుపడకూడదు, అది అవమానం కాదు, అక్కడి పనిముట్టు. సెంటు పూసుకుని వెళ్ళకూడదు. సంచిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. అందులో రెండే గళ్ళు గీస్తున్నాను, ‘ఇంకో గ్లాసు’, ‘చాలు’. గుర్రపు జీనుకి గడి లేదు.

ఇట్లు,
తమ పాఠకుడు

తా.క.: కొన్న సీసాల్ని రాత్రి కారు డిక్కీలో వదలొద్దని పెద్దల సలహా. చలి −5, −6 డిగ్రీలకి దిగితే వైన్ గడ్డకట్టి, ఉబ్బి, బిరడాని పైకి తోసేస్తుందట. ఖర్మ కాలి అలా జరిగితే ఆ సీసాని తమకే పంపిస్తాను, తమరేదో ఒకటి రాయకపోరు.