తుంటి ఆపరేషన్ నొప్పిని పెద్దవాళ్లు ఎందుకు ఓర్చుకోవాలి?

బాత్‌రూములో కాలు జారి తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు వెన్నులో మత్తు సూది వెయ్యాలంటే ఆమె నడుం వంచి కూర్చోవాలి, లేదా పక్కకు తిరిగి ముడుచుకుని పడుకోవాలి. విరిగిన తుంటితో ఆ రెండూ నరకమే. ఇద్దరు భుజాలు పట్టుకుంటారు, ఒకరు కాలు కదలకుండా చూస్తారు, "అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం" అంటూనే ఉంటారు. అంతకు అరగంట ముందు గజ్జ దగ్గర నరం బ్లాక్, అంటే తుంటి నరాలను మొద్దుబార్చే సూది, ఇచ్చి ఉంటే ఆమె ముఖం చిట్లిస్తుందేమో గానీ కేక పెట్టదు. ఈ తేడాకు కావలసింది ఒక సూది, 20 నుంచి 40 మిల్లీలీటర్ల మందు, తెలిసిన చెయ్యి. అయినా మన దగ్గర ఎంతోమంది పెద్దవాళ్లు ఆ బ్లాక్ లేకుండానే థియేటర్‌లోకి వెళ్తున్నారు, లేకుండానే వార్డుకు తిరిగొస్తున్నారు.

ఎముక విరిగినా, కీలు అరిగినా తుంటి మార్పిడి అనగానే ఇంట్లో నడిచే చర్చంతా ఇంప్లాంట్ గురించే, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలు గురించే. సిరామిక్కా, మెటలా, ఎన్నేళ్లు వస్తుంది, కార్డు చెల్లుతుందా, పైన ఎంత కట్టాలి? నొప్పి సంగతి ఎవరూ అడగరు. ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా అని మనమే సర్దిచెప్పుకుంటాం. పెద్దవాళ్లు ఎలాగూ నోరు విప్పరు. పిల్లలకు సెలవు దొరకదు, ఖర్చవుతోంది, ఇంకా ఇబ్బంది పెట్టడం దేనికని పళ్ల బిగువున పడుకుంటారు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ "నొప్పి ఉందా?" అంటే "పర్లేదు బాబూ" అంటారు. కదలకుండా పడుకున్నప్పుడు అడిగితే వచ్చే జవాబు అదే. బెడ్‌ప్యాన్ పెట్టేటప్పుడు, ఫిజియోథెరపిస్టు వాకర్ ముందు నిలబెట్టేటప్పుడు అడగాలి. తుంటి నొప్పిని కొలవాల్సింది కదలికలోనే.

ఓర్చుకుంటే పోయేదేముంది అనుకోవడానికి వీల్లేదు. వయసు మళ్లినవాళ్లలో నొప్పి మతి మీద దెబ్బకొడుతుంది. ఆపరేషన్ అయిన రాత్రి కొడుకునే గుర్తుపట్టకపోవడం, సెలైన్ గొట్టాలు పీకేయడం, ఎప్పుడో పోయినవాళ్లతో మాట్లాడటం చాలా ఇళ్లలో చూసిందే. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. బంధువులు మత్తుమందు ఎక్కువైందని అనుకుంటారు. మందుల వల్లా వస్తుంది, నిజమే. కానీ న్యూయార్క్ ఆసుపత్రుల్లో తుంటి విరిగిన 541 మందిని గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనం మరో ముఖాన్ని చూపించింది. నొప్పి మందు మరీ తక్కువ అందినవాళ్లలోనే డెలీరియం ఎక్కువగా వచ్చింది. అప్పటిదాకా మతి సరిగ్గానే ఉన్నవాళ్లలో, తీవ్రమైన నొప్పిని అలాగే వదిలేసినప్పుడు ఆ ముప్పు తొమ్మిది రెట్లు పెరిగింది. 2000లో వచ్చిన ఇంకో అధ్యయనం చదివితే మనసు చివుక్కుమంటుంది. తుంటి విరిగినవాళ్లలో మతిమరుపు జబ్బు ముదిరినవారికి, మామూలువాళ్లకు ఇచ్చిన మార్ఫిన్‌లో మూడో వంతే అందింది. చెప్పుకోలేనివాళ్ల నొప్పిని లేనట్టే లెక్కేశారు.

అందుకే నరం బ్లాక్‌ను సుఖం కోసం ఇచ్చే అదనపు సేవగా చూడటం తప్పు అని నా వాదన. తుంటి విరిగినవాళ్ల మీద జరిగిన 49 క్లినికల్ పరీక్షలను కలిపి చూసి, వైద్య ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2020లో తేల్చింది ఇదే: బ్లాక్ ఇచ్చిన అరగంటలో కదిలినప్పటి నొప్పి బాగా తగ్గుతుంది. డెలీరియం ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఛాతీ ఇన్‌ఫెక్షన్లూ తగ్గే అవకాశముంది, మనిషి త్వరగా లేచి నిలబడతాడు.

ఆ పరీక్షల్లో బ్లాక్ అందనివాళ్లకు చాలాచోట్ల మార్ఫిన్ లాంటి గట్టి మందులైనా అందాయి. మన చిన్న ఆసుపత్రుల్లో మార్ఫిన్ దొరకడమే కష్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన లైసెన్సు చిక్కులను 2014 సవరణ సడలించినా, భయం పోలేదు. మిగిలే నొప్పి మందులు డైక్లోఫెనాక్, ట్రమడాల్. బీపీ, షుగర్‌తో కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి డైక్లోఫెనాక్ ప్రమాదం. ట్రమడాల్‌తో వాంతులు, కళ్లు తిరగడం, ఒక్కోసారి సోడియం పడిపోయి మళ్లీ అదే మతిభ్రమ. కాబట్టి బ్లాక్ వల్ల కలిగే మేలు ఇక్కడ ఇంకా ఎక్కువే ఉండాలి.

ఏ బ్లాక్ అన్నది కూడా ముఖ్యమే. నొప్పి పోయి కాలు కూడా పడిపోతే మర్నాడు నిలబెట్టడం కుదరదు, నిలబెడితే పడిపోతారు. తొడ నరాన్ని పూర్తిగా మొద్దుబార్చే పాత పద్ధతిలో ఉన్న చిక్కు అదే. ఫ్రాన్స్‌లో డాలెన్స్ బృందం 1989లో పిల్లల కోసం వర్ణించిన ఫేసియా ఇలియాకా బ్లాక్ ఇప్పుడు పెద్దవాళ్ల తుంటికి బాగా వాడుకలో ఉంది. గజ్జ కింద కండరం మీది పొర చాటున మందు నింపితే అది పాకి నరాలను అందుకుంటుంది. నొప్పి బాగా తగ్గుతుంది గానీ తొడ కొంత బలహీనపడుతుంది. 2018లో టొరంటో వైద్యులు పెంగ్ బ్లాక్‌ను పరిచయం చేశారు. తుంటి కీలును ముందువైపు కప్పి ఉండే పొరకు స్పర్శనిచ్చే సన్నని నరాల కొమ్మలు కటి ఎముక అంచు మీదుగా కీలులోకి దిగుతాయి. అల్ట్రాసౌండ్ తెర మీద ఆ ఎముక తెల్లటి గీతలా, దాని మీద సోయాస్ అనే కండరాన్ని ఎముకకు కలిపే బంధనం (టెండన్) ఒక గుండ్రటి మచ్చలా కనిపిస్తాయి. సూదిని ఆ రెంటి మధ్యకు చేర్చి 20 మిల్లీలీటర్లు వదిలితే బంధనం మెల్లగా పైకి లేస్తుంది. కొమ్మలు మొద్దుబారతాయి, తొడ కండరాన్ని నడిపే అసలు నరం చాలామందిలో పనిచేస్తూనే ఉంటుంది.

అలాగని పెంగ్‌ను సర్వరోగ నివారిణిలా చెప్పడం సరికాదు. కీలు వెనకవైపు నరాలు వేరు, చర్మం కోసిన చోటి నరాలు వేరు. వాటిని అది అందుకోదు. ఎముక విరగకుండా, అరిగిన కీలుకు ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే మార్పిడిలో బ్లాక్ ప్రయోజనం కొంత తక్కువ కూడా. ఏ ఆపరేషన్‌కు ఏ నొప్పి మందులు వాడాలో చెప్పే ప్రాస్పెక్ట్ నిపుణుల బృందం 2021 నాటి సిఫారసులు ఈ ఆపరేషన్‌కు పారాసెటమాల్, సరిపడేవాళ్లకు వాపు తగ్గించే మాత్రలు, ఒక డోసు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను పునాదిగా పెట్టాయి. ఆ మందులు పడనివాళ్లకు, నొప్పి ఎక్కువ ఉంటుందనుకున్నవాళ్లకు ముఖ్యంగా ఒక్కసారి ఇచ్చే ఫేసియా ఇలియాకా బ్లాక్ గానీ, సర్జనే గాయం చుట్టూ మొద్దుబార్చే మందు ఎక్కించడం గానీ సూచించాయి. వెన్నులో సన్నని గొట్టం పెట్టి మందు ఇచ్చే ఎపిడ్యూరల్‌ను, తొడ నరం బ్లాక్‌ను వద్దన్నాయి. నా లెక్క ప్రకారం, యాభై అయిదేళ్ల ఆరోగ్యవంతుడికి సర్జన్ ఎక్కించే మందు చాలు. కిడ్నీ దెబ్బతిన్న డెబ్బై అయిదేళ్ల మనిషికి బ్లాక్ తప్పించడానికి కారణం చూపించాల్సింది ఆసుపత్రే.

బ్లాక్ ఇచ్చాక వచ్చే చిక్కు రాత్రిది. మధ్యాహ్నం ఇచ్చిన మందు తరచూ అర్ధరాత్రికో తెల్లవారుజాముకో దిగిపోతుంది. సాయంత్రం దాకా హాయిగా కబుర్లు చెప్పిన మనిషి ఒక్కసారిగా నొప్పితో లేస్తాడు. వార్డులో ఉండేది ఒకే నర్సు, డ్యూటీ డాక్టర్ ఎక్కడో. నొప్పి లేదు కదా అని సాయంత్రం పారాసెటమాల్ ఆపేయడం వల్ల వచ్చే అవస్థ ఇది. అడిగినా అడగకపోయినా ఆరు గంటలకోసారి ఆ మందు పడాలని కేస్ షీట్‌లో రాసి ఉండాలి.

ఇక మన దగ్గరి అసలు అడ్డంకి. జిల్లా పట్టణాల్లో మత్తు డాక్టర్లు చాలామంది రోజుకు రెండు మూడు నర్సింగ్‌హోమ్‌లు తిరుగుతారు. అల్ట్రాసౌండ్ మిషన్‌ను వెంట తీసుకెళ్లలేరు. లింగనిర్ధారణను అరికట్టే 1994 చట్టం కింద ప్రతి మిషన్ రిజిస్టర్ కావాలి. పోర్టబుల్ మిషన్‌నూ రిజిస్టరైన చోటి నుంచి కదిలించడానికి ఆంక్షలున్నాయి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే చట్టం అది, దాన్ని నీరుగార్చమని నేను అనను. కానీ గర్భస్థ శిశువును చూడటానికి అంతగా పనికిరాని, నరాలు చూడటానికి వాడే హై ఫ్రీక్వెన్సీ ప్రోబ్‌తో వచ్చే మిషన్లకు మత్తు డాక్టర్ల పేరిట సులువైన అనుమతి విధానం పెట్టొచ్చు. చట్టం ఉద్దేశానికి దానివల్ల హాని లేదు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాల్లో ప్యాకేజీ ధర గంపగుత్తగా ఉంటుంది. బ్లాక్ ఇచ్చినా అంతే, ఇవ్వకపోయినా అంతే. 2024లో డెబ్బై దాటినవాళ్లందరికీ ఆయుష్మాన్ వర్తింపజేశారు. వాళ్ల తుంటి ప్యాకేజీలో నొప్పి నివారణ వివరాన్ని క్లెయిమ్ పత్రాల్లో తప్పనిసరి చేస్తే ఆసుపత్రుల తీరు మారుతుంది.

మిషన్ వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఫేసియా ఇలియాకా బ్లాక్‌ను గజ్జ దగ్గరి ఎముక గుర్తులు కొలుచుకుని, సూది రెండు పొరలు దాటినప్పుడు చేతికి తెలిసే రెండు చిన్న కుదుపులను బట్టి కూడా ఇవ్వొచ్చు. బ్రిటన్‌లో శిక్షణ పొందిన, డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బంది దీన్ని ఇవ్వొచ్చని అక్కడి మత్తు వైద్యుల సంఘం 2013లోనే ఒప్పుకుంది. మన ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో ఎంబీబీఎస్ డాక్టర్‌కు ఇది నేర్పలేమా? నేర్పేటప్పుడు సూది కన్నా ముందు లెక్క నేర్పాలి. మొద్దుబార్చే మందు బ్యుపివకైన్ కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు మించకూడదు. 45 కిలోల ముసలావిడకు 90 మిల్లీగ్రాములు, అంటే 0.25 శాతం మందు 36 మిల్లీలీటర్లకు ఒక్క చుక్క ఎక్కువ వద్దు. రక్తనాళంలోకి పోతే ఫిట్స్ రావొచ్చు, గుండె ఆగొచ్చు. అందుకే మానిటర్ తగిలించి ఉండాలి, దానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ సీసా అదే గదిలో చేతికందేలా ఉండాలి. అవి ఉన్న ప్రతి క్యాజువాలిటీలోనూ, తుంటి విరిగి స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని ఎక్స్‌రేకు కదిలించే ముందే బ్లాక్ ఇచ్చే ఏర్పాటు పెట్టొచ్చు.