మందుకు నూటొక్క ప్రశ్నలు, ఫ్లెక్సీకి ఒక్కటీ లేదు

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా, అటు గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రుల గేట్ల ముందూ ఇప్పుడు ఒకే రకం ఫ్లెక్సీలు. 'యాంటీబాడీలు పెంచుకోండి', 'ఒంట్లోని కిల్లర్ సెల్స్‌ని నిద్రలేపండి', కింద చిన్న అక్షరాల్లో 'క్యాన్సర్‌కూ పనిచేస్తుంది'. పక్కన పొడి డబ్బా, కషాయం సీసా, ఫోన్ నంబరు. అమ్మేవాళ్ల పేర్లు రాసి ఉచిత ప్రచారం చేయదలుచుకోలేదు. మాకు మండింది కషాయం మీద కాదు. అసలు మందును నూటొక్క ప్రశ్నలు అడిగే వ్యవస్థ ఈ ఫ్లెక్సీని ఒక్కటంటే ఒక్కటీ అడగకపోవడం మీద.

ఫ్లెక్సీ మీది మాటలు నిజమైన సైన్సువే. కాకపోతే దొంగ సొత్తు. యాంటీబాడీ అంటే రోగాలను గుర్తుపట్టడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్. ఇంగ్లిష్ 'వై' అక్షరంలా ఉంటుంది. పైన రెండు చేతులు, కింద తోక. చేతులు ఎదుటి కణం మీదున్న ఒకానొక గుర్తునే పట్టుకుంటాయి. తోక బయటికి ఉంటుంది. అటుగా వచ్చే నేచురల్ కిల్లర్ కణం (ఫ్లెక్సీ చెప్పే 'కిల్లర్ సెల్', ఒంట్లోని ఒక రక్షక కణం) మీద ఆ తోకను పట్టే కొక్కేలుంటాయి, వాటి పేరు సీడీ16. పక్కపక్కనే చాలా తోకలు చిక్కితే కిల్లర్ కణం అతుక్కుపోయి, పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో ఆ కణం పొరకు చిల్లు పెట్టి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లను లోపలికి పంపుతుంది. దాంతో ఆ కణం తనను తానే కూల్చుకుంటుంది. ఇక్కడ యాంటీబాడీ చంపడం లేదు, చూపిస్తోంది. బస్టాండులో జేబుదొంగ చొక్కా పట్టుకుని 'వీడే' అని అరిచేవాడిలాగా. తన్నేది చుట్టూ ఉన్న జనం. తప్పు చొక్కా పట్టుకుంటే తన్నులు తినేది అమాయకుడు.

ఈ చివరి మాట ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. సొంత ప్లేట్‌లెట్లనే పట్టించే యాంటీబాడీలతో బాధపడేవాళ్లు రక్త వ్యాధుల (హెమటాలజీ) ఓపీల్లో కనిపిస్తారు. వాళ్లకు యాంటీబాడీలు 'పెంచాలా'? బుడమేరు వరద తర్వాత దోమల భయంతో బతికిన సింగ్‌నగర్‌ వాళ్లకు డెంగీ కొత్త కాదు. అందులో నాలుగు రకాలున్నాయి. ఒకసారి ఒక రకం వచ్చి, తర్వాత ఇంకో రకం వస్తే, పాత యాంటీబాడీలు వైరస్‌ను పట్టుకుంటాయి గానీ దాన్ని ఆపలేవు. పైగా ఆ తోకే వైరస్‌ను రక్షక కణాల్లోకి దగ్గరుండి తీసుకెళ్తుంది. రెండోసారి డెంగీ ప్రాణాల మీదికి రావడానికి ఇదొక కారణం. 'ఎంత ఎక్కువుంటే అంత మంచిది' అనడానికి ఇది పెరుగన్నం కాదు.

ఇక అసలు మందు సంగతి. యాంటీబాడీలనే మందుగా మలిచిన క్యాన్సర్ చికిత్సలున్నాయి. వాటిలో 1997లో రిటుక్సిమాబ్, 1998లో ట్రాస్టుజుమాబ్ అమెరికాలో అనుమతి పొందాయి. తోకను పట్టే కొక్కేలు లేని ఎలుకల్లో ఈ రెండు మందుల పనితనం బాగా పడిపోయిందని 2000లో తేలింది. రిటుక్సిమాబ్‌ను 2007లోనే మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 'రెడిటక్స్' పేరుతో తెచ్చింది. ట్రాస్టుజుమాబ్ ఎక్కించే ముందు గడ్డ ముక్క తీసి 'హెర్2' గుర్తు ఎక్కువగా ఉందో లేదో చూస్తారు. రొమ్ము క్యాన్సర్లలో అది ఉండేది దాదాపు ఐదింట ఒకదానికే. లేకపోతే ఆ చేతులకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మందు దండగ. ఉంటే ఎకో తీసి గుండె చూడాలి, మధ్యమధ్యలో మళ్లీ చూడాలి. సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాకే ఒక్క చుక్క నరంలోకి వెళ్తుంది. కషాయం అడిగేది గూగుల్ పే నంబరు ఒక్కటే.

సంప్రదాయ వైద్యానికీ విలువ ఉందని, ఇష్టమైనవాళ్లే కొనుక్కుంటున్నారని కొందరి వాదన. కావచ్చు. పొడి తినడం ఎవరిష్టం వాళ్లది. క్యాన్సర్ తగ్గిస్తుందని ప్రకటించడం మాత్రం నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్ పేరును షెడ్యూల్లో పెట్టి మరీ చెప్పింది. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు. చట్టం వయసు డెబ్బై దాటింది, ఫ్లెక్సీ వయసు డెబ్బై గంటలు. గెలిచేది ఫ్లెక్సీయే.

ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. మెడికల్ హబ్ అని వేదికలెక్కి చెప్పుకుంటాం. అలాంటి చోట క్యాన్సర్ వార్డు ఎదురుగానే 'కీమో వద్దు' అన్న మాటకు స్తంభం దొరుకుతోంది. మందుల షాపులో బిల్లు లేకుండా ఒక స్ట్రిప్ అమ్మితే తనిఖీ, రోడ్డు మీద ఏకంగా రోగాన్నే అమ్ముకుంటే మౌనం. డాక్టర్ల సంఘాలు కూడా ఏడాదికోసారి వాకథాన్‌లో టోపీలు పంచి ఊరుకుంటున్నాయి. పత్రికలు కూడా పులుకడిగిన ముత్యాలేం కాదు. ఇలాంటి ప్రకటన పక్కనే 'క్యాన్సర్‌పై అవగాహన' వ్యాసం అచ్చయిన రోజులు మాకూ గుర్తున్నాయి.

కీమో మానేసి పొడి తిని, ఆరు నెలల తర్వాత గడ్డ పెరిగాక తిరిగొచ్చే మనిషికి ఆ ఆరు నెలలు తెచ్చిచ్చే అధికారి ఎవరు? 'మాకు ఫిర్యాదు రాలేదు' అని చెప్పొద్దు. సూర్యారావుపేట మీదుగా ఆఫీసుకు వెళ్లేటప్పుడు కారు అద్దం ఒకసారి దించండి. అడ్రసు, ఫోన్ నంబరు ఫ్లెక్సీ మీదే ఉన్నాయి, అంత పెద్ద అక్షరాల్లో.